ఊరు మారితే లెక్క పోతుందా?

బాస్కెట్ బాల్ గురించి నీకేం తెలుసని అడక్కండి. ఎత్తున కట్టిన బుట్టలో బంతి వేస్తారని తప్ప మొన్నమొన్నటిదాకా నాకేమీ తెలీదు. మా అమ్మాయి కాలేజీ జట్టులో ఆడుతుంది. 2025 జూన్ లో ఓ పొద్దున నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. అమెరికాలో ఓక్లహోమా సిటీ థండర్ జట్టు, ఇండియానా పేసర్స్ ని ఏడో ఆటలో ఓడించి ఛాంపియన్ అయ్యిందట.

"అమ్మా, వాళ్లకిది మొదటి కప్పా, రెండోదా? చెప్పుకో!" అంది.

నాకేం తెలుసు? అదే చెప్పింది. విన్నాక ఆ కథ నా మనసులోంచి పోలేదు.

ఆ జట్టు పుట్టిల్లు సియాటిల్ నగరమండీ. 1967లో పుట్టింది. ఆ రోజుల్లో అక్కడి బోయింగ్ కంపెనీ ధ్వని కంటే వేగంగా పోయే విమానం తయారుచేసే ప్రయత్నంలో ఉండేది. అందుకని జట్టుకి సూపర్ సోనిక్స్ అని పేరు పెట్టారు. 1979లో వాషింగ్టన్ బుల్లెట్స్ మీద గెలిచి కప్పు తెచ్చారు. 2006లో యజమానులు మారారు. కొత్త స్టేడియం దగ్గర పేచీ వచ్చింది, కోర్టుకెక్కారు. చివరికి 2008లో సియాటిల్ కి నాలుగున్నర కోట్ల డాలర్లు ఇచ్చేలా రాజీపడి జట్టుని ఓక్లహోమాకి తీసుకుపోయారు. పాత పేరు, ఆకుపచ్చ-బంగారు రంగులు, 1979 నాటి కప్పు సియాటిల్ కే ఉండిపోయాయి.

"మరి అంతకుముందు వేసిన పాయింట్లు ఎవరివే?" అన్నాను.

లెక్క పుస్తకంలో రెండు ఊళ్లవీ కలిపే రాస్తారట. అలా చూస్తే అందరికంటే పైన రసెల్ వెస్ట్ బ్రూక్, 18,859 పాయింట్లు. తరువాత గ్యారీ పేటన్, 18,207. ఆ తరువాత కెవిన్ డ్యురాంట్, 17,566. విచిత్రం చూడండి. పేటన్ 1990 నుంచి 2003 దాకా వేసినవన్నీ సియాటిల్ తరఫునే. ఓక్లహోమాకి ఒక్క ఆటా ఆడలేదు. వెస్ట్ బ్రూక్ ని 2008లో ఎంచుకున్నది సియాటిల్ జట్టే. అతను ఆట మొదలుపెట్టేసరికి ఊరు మారిపోయింది. 2019 దాకా వేసినవన్నీ ఓక్లహోమాలోనే! ఈ ముగ్గురిలో రెండిళ్లూ చూసినవాడు డ్యురాంట్ ఒక్కడే. తన జెర్సీకి సన్మానం చేస్తే సియాటిల్ లోనే చెయ్యాలని పేటన్ అంటాడట. పుట్టింటి మమకారం మరి!

ఇక్కడ నా గొంతుకేదో అడ్డుపడింది. ఎందుకో చెప్తాను. పెళ్లికి ముందు నేను ఖోఖో ఆడేదాన్ని. ఇంటర్ మొదటి సంవత్సరంలో మా జట్టు జిల్లాలో గెలిచింది. రెండో ఏడు పూర్తవగానే పెళ్లయింది. కప్పు అమ్మ బీరువా మీద ఉండిపోయింది. అత్తవారింట్లో ఎవరైనా అడిగితే "ఏముందండీ, ఇంటర్ తో ఆపేశాను" అనడమే అలవాటైంది. ఆటలాడే కూతుర్ని పెట్టుకుని కూడా ఇన్నేళ్లూ ఆ మాట చెప్పలేదంటే నమ్ముతారా?

ఆవేళ చెప్పాను. అది నోరు తెరుచుకుని చూసింది. వెంటనే అమ్మకి ఫోన్ చేసి, "అమ్మమ్మా, మా అమ్మ కప్పు ఉందా?" అని అడిగింది.

"ఎక్కడికి పోతుందే? గుండీలు, పిన్నీసులు అందులోనే వేసుకుంటున్నా" అంది అమ్మ.

తెచ్చేసుకుందామంది మా అమ్మాయి. వద్దన్నాను. సియాటిల్ కప్పులాగే అదీ పుట్టింట్లోనే ఉండనీ. లెక్క మాత్రం ఇకనుంచి రెండిళ్లదీ కలిపే చెప్పుకుంటాను.

మీకూ అలాంటిదేదో ఉండే ఉంటుంది. సంగీతమో, కుట్టుపనో, పరుగుపందెమో. ఇవాళ రాత్రి అన్నాలు వడ్డిస్తూ పిల్లలకి చెప్పండి.

అన్నట్టు, ఓక్లహోమా ఊరికి అది మొదటి కప్పే. జట్టుకి మాత్రం రెండోది.