గురువునకు గడువెంత?

అమెరికా దేశమున కళాశాల బాలురాడు ఫుట్‌బాల్ ఆటను గూర్చియు, ఆ యాట నేర్పు శిక్షకుని జీతబత్తెములను గూర్చియు మన గృహిణులకేమి ప్రసక్తి యని సోదరీమణులలో కొందరైన ననుకొనకపోరు. కాని నేడు మన చిన్న పట్టణములందు సైతము అమెరికాలో చదువుకొను బిడ్డ లేని వీధి యరుదు. బిడ్డలు మసలు చోటి మంచిచెడ్డలు తల్లులకు పట్టకుండునా? అదియుగాక, ఈ ప్రశ్న ఆటతో ముగియునది కాదు. ఒక గురువును ఎంతకాలము నమ్మి యుంచుకొనవలెను, ఆ నమ్మకమును ఏ వేళ, ఏ కొలతతో కొలువవలెను అను విచారము ఇందు గర్భితమై యున్నది. బడిపంతులుగారి యింట ఇది యేటేట వినబడు ప్రశ్నయే.

మా అక్కగారి కుమారుడు 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో టెక్సాస్ రాష్ట్రమున కాలేజి స్టేషన్ అను పట్టణమునకు బోయి, టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పైచదువునకు చేరెను. అతడు ఫోనులో చెప్పిన కబుర్లవలననే మాకీ యాట పరిచయమైనది. పేరునకు ఫుట్‌బాల్ అయినను అందు కాలితో తన్నుట తక్కువ. కోలగానుండు బంతిని చేతబట్టుకొని పరుగిడుట, విసరుట, ఎదిరివారిని అడ్డగించుట ఎక్కువ. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆడుదురు. అక్కడి క్రీడారంగమునకు కైల్ ఫీల్డు అని పేరు. అందు 1,02,733 మందికి చోటు కలదు. అయినను విద్యార్థులు కూర్చుండరు. ఆట సాగినంతసేపును నిలిచియే చూతురు. 1922వ సంవత్సరము జనవరిలో నొక పోటీయందు ఆటగాండ్రు దెబ్బలు తిని తరిగిపోవుచుండగా, పైనుండి చూచుచున్న కింగ్ గిల్ అను విద్యార్థి దిగివచ్చి, ఆటదుస్తులు ధరించి, పిలిచిన తక్షణమే ఆడుటకు సిద్ధముగా చివరివరకు గీత ప్రక్కన నిలిచెను. నాటినుండి అక్కడి విద్యార్థులందరును తమ్ము "పండ్రెండవ మనిషి" యని చెప్పుకొందురు. ఆట యనిన వారికంతటి పట్టుదల.

ఆ విశ్వవిద్యాలయమువారు 2017వ సంవత్సరము డిసెంబరులో జింబో ఫిషర్ అను శిక్షకుని పదేండ్లకు కుదుర్చుకొనిరి. మొత్తము జీతము 7 కోట్ల 50 లక్షల డాలర్లు. ఆయన సామాన్యుడు కాడు. ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయమున నుండి, 2013వ సంవత్సరపు ఆటలలో ఆ జట్టును దేశమునకెల్ల ప్రథమ స్థానమున నిలిపినవాడు. క్రొత్తచోట మొదటి యేడు 9 గెలుపులు, 4 ఓటములు. రెండవ యేడు 8 గెలుపులు, 5 ఓటములు. మూడవ యేడగు 2020లో 9 గెలుపులు, ఒక్కటే ఓటమి. దేశమున నాల్గవ స్థానము. విశ్వవిద్యాలయమువారి యానందమునకు మేర లేకపోయెను. మొదటి యొడంబడికలో నింకను ఆరేండ్లకు పైబడిన గడువుండగనే, 2021 సెప్టెంబరులో దానిని 2031 వరకు పొడిగించి, జీతమును ఏటికి 90 లక్షల డాలర్లకు బెంచి, నడుమ తొలగించినను మిగిలిన సొమ్ము నిచ్చుకొందుమని వ్రాసి యిచ్చిరి.

పిమ్మట జరిగినదేమి? 2021లో 8 గెలుపులు, 4 ఓటములు. 2022లో, మా అక్కగారి కుమారుడు చేరిన యేడు, 5 గెలుపులు, 7 ఓటములు. 2023లో పది యాటలకు ఆరు గెలిచిరి. ఆ పదవ యాట నవంబరు 11వ తేదీన మిసిసిపి స్టేట్ వారితో జరిగినది. 51కి 10గా గెలిచిరి. మరునాడే శిక్షకుని తొలగించిరి. "పిన్నీ, నిన్న గెలిచినాము, నేడు ఆయనను పంపివేసినారు" అని యా కుర్రవాడు చెప్పినపుడు మేము నమ్మలేకపోతిమి. వ్రాసియిచ్చిన మాట ప్రకారము విశ్వవిద్యాలయము ఆయనకు బాకీపడినది సుమారు 7 కోట్ల 60 లక్షల డాలర్లు. ఆనాటి మారకపు ధరను మన రూపాయలలో 600 కోట్లకు పైమాట. కొంత 60 దినములలోపల, మిగిలినది 2031 వరకు ఏటేట. ఆయన మరియొక చోట కొలువు కుదిరినను ఇందులో నొక్క డాలరును తగ్గదు. ఈ సొమ్ము విద్యార్థుల ఫీజులనుండి గాక, క్రీడాశాఖ రాబడినుండియు దాతల విరాళములనుండియు చెల్లింతుమని యధికారులు చెప్పిరి. దాత యిచ్చినదైనను సొమ్ము సొమ్మే గదా.

ఇట్టి పొడిగింపులను సమర్థించువారి మాటయు వినదగినది. ఆ దేశమున శిక్షకుడు పదునేడేండ్ల బాలుర యిండ్లకు స్వయముగా వెళ్లును. తల్లిదండ్రుల యెదుట కూర్చుండి, "మీ బిడ్డను మాకప్పగింపుడు, మేము చూచుకొందుము" అని యడుగును. అపుడే తల్లియైనను మొదట నడుగవలసిన ప్రశ్న యొక్కటే: "అయ్యా, మా వాడు చదువు ముగించువరకు నీవచట నుందువా?" ఒడంబడికలో నొకటి రెండేండ్లే మిగిలినచో ఆయన యేమి బదులు చెప్పగలడు? కావున పొడిగింపు తల్లులకిచ్చు హామీ వంటిదని వారందురు. ఈ వాదమున బలము కలదు. గురువునకు నిలుకడ లేనిచోట శిష్యునకు నిలుకడ యుండదు.

కాని యా హామీ వాస్తవముగా నెవరిని కట్టివేయుచున్నది? విశ్వవిద్యాలయమును కట్టివేయును, శిక్షకుని కట్టివేయదు. ఈ ఫిషరుగారే 2017లో ఫ్లోరిడా స్టేట్ వారి యా యేటి యాటలు ముగియకమునుపే వారిని విడిచి వచ్చిరి. టెక్సాసున 2022లో ఆయనను నమ్మి చేరిన బాలుర బృందము దేశమున మొదటిదని కొనియాడబడినది. వారిలో పలువురు రెండు మూడేండ్లలోనే తలయొక చోటికి వలసపోయిరి. 2021 జూలై వరకు ఆ బాలురకు తమ పేరు చెప్పుకొని యొక్క డాలరు సంపాదించుటకైనను అనుమతి లేకుండెను. విశ్వవిద్యాలయములు వారికి స్వయముగా సొమ్ము చెల్లించుట 2025లో గాని మొదలు కాలేదు. పోట్లాడి మోకాళ్లు విరుగగొట్టుకొను బాలునకు హామీ లేక, గట్టున నిలిచి నేర్పువానికి పదేండ్ల హామీ యుండుట తల్లి హృదయమునకు రుచించునా?

భారతకథ వినుచు పెరిగిన మనకు గురువు జీతము మాట రాగానే ద్రోణుడు తలపునకు రాకుండడు. అక్కడను కథ బంతితోడనే మొదలైనది. కురుబాలకుల చెండు నూతిలో బడగా ద్రోణుడు తన యస్త్రవిద్యచే దానిని వెలికి దీసెను. భీష్ముడది విని, పిలిపించి, ఇల్లును ధనమును ఇచ్చి, మనుమల నప్పగించెను. విద్య చూచి కొలువిచ్చెను. ద్రోణుడును దక్షిణను చదువు ముగిసిన పిమ్మటనే యడిగెను. ఇంతవరకు మెచ్చదగినదే. కాని కౌరవుల కూడు తిన్న ఋణమునకు లోబడి, తుదకు తన ప్రియశిష్యుడగు అర్జునుని కెదురుగా విల్లుపట్టవలసి వచ్చినది. విడుదల లేని కట్టు గురువునకును మేలు చేయదు. ఒక పక్షమునే బిగించు ముడి యేనాటికైనను ఎవరినో యొకరిని కోయును.

మా అత్తగారు చదువుకొన్నవారు కారు గాని వ్యవసాయపు లెక్క బాగుగా నెరిగినవారు. పండిన యేట ఎవ్వరును దీర్ఘకాలపు కౌలు వ్రాయరాదని వారు మా మరిదితో తరచు ననుచుండెడివారు. ఎకరమునకు నలుబది బస్తాలు కనబడినపుడు చేయి ధారాళముగా సాగును. మరుసటి యేడు గాలివాన వచ్చి చేను పడిపోయినను వ్రాసిన మక్తా మాత్రము పడిపోదు. విశ్వవిద్యాలయమువారు చేసినదిదియే. 2020 పంటను జూచి 2031 వరకు కౌలు వ్రాసిరి.

దీనికి మారుగా, ఎండిన యేట గురువును నిలుపుకొని ఫలమందిన వారును కలరు. వర్జీనియా టెక్ అను విశ్వవిద్యాలయమున ఫ్రాంక్ బీమర్ అను శిక్షకుడు 1987లో చేరెను. మొదటి యేడు రెండే గెలుపులు. రెండవ యేడు మూడు. ఆరవ యేడగు 1992లో మరల రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు, ఒకటి సమము. మరియొక చోటనైనచో ఆనాడే సాగనంపియుందురు. వారట్లు చేయలేదు. ఆయన సహాయకులలో కొందరిని మార్చుకొని పని తిరిగి చక్కబెట్టెను. 1993లో 9 గెలుపులు వచ్చినవి. అది మొదలు 2015లో విరమించువరకు, వరుసగా 23 యేండ్లు, ఆ జట్టు సంవత్సరాంతపు గౌరవపోటీలకు పిలువబడుచునే యుండెను. 1999వ సంవత్సరపు ఆటలలో దేశ ప్రథమ స్థానమునకై తుదిపోటీ యాడెను. 1992 నాటి లెక్క యొక్కటే చూచినచో ఇదంతయు పోగొట్టుకొనియుందురు.

షరతులను జాగ్రత్తగా వ్రాసికొనుట యెంత ముఖ్యమో తెలుపు ఉదాహరణము మరియొకటి కలదు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2021 నవంబరులో జేమ్స్ ఫ్రాంక్లిన్ అను శిక్షకునకు 2031 వరకు ఒడంబడిక వ్రాసిరి. 2025 జనవరిలో ఆ జట్టు దేశపు పోటీలలో తుదకు ముందటి మెట్టు వరకు వచ్చెను. ఆ యక్టోబరులోనే వరుసగా మూడు ఓటములు కలుగగా ఆయనను తొలగించిరి. బాకీ సుమారు 4 కోట్ల 90 లక్షల డాలర్లు. కాని ఆయన వేరొక కొలువు వెదకికొనవలెననియు, అందు వచ్చు జీతము బాకీనుండి తగ్గవలెననియు షరతుండెను. నవంబరులో ఆయన వర్జీనియా టెక్‌లోనే కుదిరినందున ఆ భారము చాలవరకు తగ్గిపోయెను. ఒక్క వాక్యము వ్రాసికొన్నవారికిని వ్రాసికొననివారికిని ఎంత భేదమో చూడుడు.

మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మావారు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితము బోధింతురు. ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మటనే మరుసటి యేటి కొలువు నిశ్చయమగును. రెండేండ్ల క్రిందట, భిన్నములు కూడుట సైతము రాని పిల్లలు ఆ తరగతిలో పలువురు చేరిరి. మావారు వారిని సాయంకాలములందు మా యరుగుమీద కూర్చుండబెట్టి, ఆరవ తరగతి పాఠములనుండి మొదలుపెట్టి చెప్పిరి. తుదకు అందరును ఉత్తీర్ణులు కాలేదు. ఫలితముల శాతము తగ్గెనని యాజమాన్యమువారు నెలకు పైగా ఏ మాటయు చెప్పక యూరకుండిరి. ఆ దినములలో మేము కిరాణా చీటీని సగమునకు కుదించుకొంటిమి; పిల్లల బడిసంచుల కొనుగోలు వాయిదా వేసితిమి. మావారు పైకేమియు ననక రాత్రి చాలసేపు వాకిట నడుచుచుండెడివారు. బడి తెరచుటకు రెండు దినములు ముందుగా, పాత జీతము మీదనే రమ్మని కబురు వచ్చినది. ఆ భిన్నములు రాని వారిలో నొక బాలుడు గణితమున 41 మార్కులతో గట్టెక్కెను. వాని తల్లి యొక యానపకాయ తెచ్చి, మా గడపలో నుంచి, మాట రాక కన్నులు తుడుచుకొని పోయినది. యాజమాన్యమువారి శాతములలో ఆ తల్లి యెక్కడను కనబడదు.

పదేండ్ల హామీయు, ఏడాదికొక గండమును రెండును ఒకే తప్పునుండి పుట్టినవని మా తలంపు. రెండును ఒక్క యేటి ఫలమును జూచి గురువును తూచుచున్నవి. ఫిషరుగారి మొత్తము లెక్క 45 గెలుపులు, 25 ఓటములు. పదింట ఆరింటికి పైగా గెలిచినవాడు చెడ్డ శిక్షకుడు కాడు. 2021లో ఆయన కొలువున నుండదగినవాడే. పాత యొడంబడికయే ఆరేండ్లకు చాలియున్నది. ఆ పొడిగింపునకు మాత్రము ఆయన యప్పటికి అర్హుడు కాడని మేము నిస్సంకోచముగా చెప్పగలము. నాలుగైదేండ్ల సగటును చూడవలెను. చేరిన బాలురలో నెందరు తుదివరకు నిలిచిరో, ఎందరు పట్టా పుచ్చుకొని వెడలిరో చూడవలెను. ఓడిన యేట ఆయన యేమి మార్చుకొనెనో చూడవలెను. ఆపైన వ్రాయు గడువు మూడు నాలుగేండ్లకు మించక, ఇరుప్రక్కల నొక్కటే బిగువుతో నుండవలెను.

సోదరీమణులారా! కోట్ల డాలర్ల యొడంబడికలు మన చేతిలోనివి కావు. కాని మన పిల్లలకు చదువు చెప్పు పంతులుగారిని గూర్చి నిర్ణయించు వేళ మన మాట చెల్లును. త్రైమాసిక పరీక్షలో పది మార్కులు తగ్గగనే ట్యూషను మాస్టరును మార్పింపకుడు. గోడమీది ర్యాంకుల ప్రకటన చూచి మూడేండ్ల ఫీజును ఒక్కమారుగా కట్టివేయకుడు. మార్కుల కాగితమునకు ముందుగా పిల్లవాని నోటుపుస్తకమును తెరచి, నిరుడు రానిదేది, ఈ యేడు వచ్చినదేది యని చూడుడు. వచ్చినది కనబడినచో, ఆ గురువునకు మరియొక యేడు గడువిండు. ఆ మాట ఫలితములకు ముందుగనే ఆయన చెవిని వేయుడు. ఆయన యింటను ఒక గృహిణి ఆ మాటకై యెదురుచూచుచుండును.