తిరుగు టైము ముందు రాయి

12 అక్టోబర్ 2025, ఆదివారం

కార్తీకంలో శ్రీశైలం పోయి దీపం పెట్టాలని అమ్మ మూడేళ్లుగా అడుగుతోంది. ఈసారి నేనే మాటెత్తాను. పొద్దున టిఫిన్లయ్యాక తెల్లకాగితం తీసుకుని ‘బయలుదేరే సమయం’ అని రాయబోతుంటే నాయిన నా చెయ్యి ఆపాడు.

“బయల్దేరుడు తర్వాత బిడ్డా. ముందు తిరుగు టైము రాయి.”

నాయిన షాద్‌నగర్ డిపోలో డ్రైవరుగా చేసి 2014లో రిటైరయ్యాడు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. కానీ దారి సంగతి వస్తే ఇప్పటికీ మా ఇంట్లో ఆయన మాటే ఆఖరు. పోయే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు ఒకే కాగితం మీద రాసుకోవాలంటాడు. బండి తెచ్చి మళ్లీ డిపోలో పెట్టినప్పుడే డ్యూటీ అయినట్టు. “మనోళ్లు పోయేదే రాస్తరు. వచ్చేది దేవునికి వదిలేస్తరు” అన్నాడు.

ఆ మాట నాకు తగిలింది. 2021 కార్తీకంలో నేను చేసింది అదే. బడి వదిలాక సాయంత్రం బయలుదేరాం. దారిలో ఒకచోట చాయ్, కల్వకుర్తిలో చుట్టాలింట్లో కాసేపు మాటలు. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను పోనివ్వరు. ఆ వేళ రోడ్డు జంతువులది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, లెక్కే వేసుకోలేదు. ఆ రాత్రి కారులోనే గడిచింది. కాళ్లు చాపుకోవడానికి చోటు లేక అమ్మ వెనక డోరు తెరిచి, పాదాలు బయట నేల మీద పెట్టి, శాలువా కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. మర్నాడు దర్శనమైతే అయింది కానీ, పాతాళగంగ మెట్లు దిగి దీపం వదిలే ఓపిక ఆమె మోకాళ్లకు మిగల్లేదు.

మూడేళ్లుగా అమ్మ అడుగుతున్నది ఆ దీపమే. ఈసారి లెక్కంతా ఆ చెక్‌పోస్టు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వేయాలి. నవంబర్ 1, 2 తేదీలు అనుకున్నాం.

19 అక్టోబర్, ఆదివారం

రేపు దీపావళి. ఇల్లు దులపడం మధ్యలోనే ప్రయాణం మాటలు నడిచాయి.

కర్నూలు నుంచి అక్క ఫోన్ చేసింది. వాళ్లు ఆత్మకూరు, దోర్నాల మీదుగా వస్తారు. మాకు రెండు దారులు. ఒకటి కేశంపేట, తలకొండపల్లి మీదుగా అడ్డంగా పోయి శ్రీశైలం రోడ్డెక్కడం. రెండోది జడ్చర్ల దాకా హైవే మీద పోయి, అక్కడ కల్వకుర్తి వైపు తిరగడం. మొదటిది దగ్గర. మా ఆయన అదే మేలన్నాడు. నాయిన అమ్మ వైపు చూసి, “ఆమెకు గుంతలు పడవు” అన్నాడు. అంతే, జడ్చర్ల దారి ఖాయమైంది. కారులో అందరికన్నా తొందరగా అలసిపోయే మనిషిని బట్టే దారి పెట్టుకోవాలని నాకు ఇప్పుడే అర్థమవుతోంది.

నాయిన ఇప్పటికీ ఆ హైవేను ‘ఏడో నంబరు రోడ్డు’ అనే అంటాడు. 2010లో దేశమంతా హైవేల నంబర్లు మార్చినప్పుడు అది 44 అయింది. అప్పట్లో వారణాసి నుంచి కన్యాకుమారి దాకా ఉండేది. ఇప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఒకటే నంబరు, దేశంలో అన్నిటికన్నా పొడుగు రోడ్డు. నాలుగు వరుసలు కాకముందు జడ్చర్ల దాటాలంటే లారీల వెనక ఎంతసేపు నిలబడాల్సి వచ్చేదో పాపకు చెప్తుంటే నేనూ పని ఆపి విన్నాను.

ఫాస్టాగ్‌కు ఏడాది పాసు తీసుకున్నాం. మొన్న ఆగస్టు 15న మొదలైంది. సొంత కార్లకు 3,000 రూపాయలు కడితే ఏడాది గానీ, 200 టోల్ గేట్లు గానీ, ఏది ముందైతే అంతవరకు. పూర్తిగా వాడుకుంటే గేటుకు 15 రూపాయలు పడుతుంది. అక్కను చూడటానికి కర్నూలు పోయి వచ్చే మాకు అది మంచిదే.

పాప తొమ్మిదో తరగతి. ‘ఇంకా పదమూడు రోజులు’ అని ఫోన్‌లో స్టేటస్ పెట్టబోయింది. వద్దన్నాను. ఇంటికి తాళం పడే తేదీ ఊరందరికీ చెప్పకూడదు. చెప్పాల్సినవాళ్లకు మాత్రం పూర్తిగా చెప్పాలి. ప్లాన్ కాగితం ఫొటో అక్కకు పంపాను. ఒక నకలు పక్కింటి పెద్దమ్మకు ఇస్తాను. ఏ టైముకు ఎక్కడుంటామో, ఎప్పటికి ఇల్లు చేరతామో ఆమెకు తెలిసి ఉండాలి. మేం రాకపోతే మొదట గమనించేది ఆమే.

24 అక్టోబర్, శుక్రవారం

నిద్ర పట్టక రాస్తున్నాను. ఈ తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు మంటల్లో కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు. నిన్న రాత్రి మేం పడుకున్న వేళ అది మన ఊరి పక్కనుంచే పోయి ఉంటుంది.

పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, పండక్కి వచ్చి వెళ్లేది ఇటువంటి బస్సుల్లోనే. నిన్న బయలుదేరలేదు. అక్క గొంతు వినేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. మన పిల్లవాడు లేడని ఊపిరి పీల్చుకున్న మరుక్షణం, ఆ ఊపిరి అందని 19 ఇళ్లు గుర్తొచ్చాయి.

నాయిన టీవీ ముందు చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. సాయంత్రం తన నైట్ డ్యూటీల సంగతి చెప్పాడు. “రెండు నుంచి ఐదు దాకా కన్ను తెరిచే ఉంటది, లోపల మనిషి పడుకుంటడు. మైలురాళ్లు పోతనే ఉంటయి, ఏ ఊరు దాటినమో యాదికుండదు.” అప్పుడు బండి పక్కకాపి, దిగి, చన్నీళ్లతో మెడ వెనక కడుక్కునేవాడట. ఇన్నేళ్లలో ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు. అమ్మకు కూడా కొత్తే.

ప్లాన్‌లో మూడు వరుసలు చేర్చాను. తెల్లవారకముందు బండి కదలదు, దీపాల వేళ దాటాక రోడ్డు మీద ఉండదు. హైవే సాయానికి 1033, అంబులెన్సుకు 108, అందరి ఫోన్లలో ఉండాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ముందు సీట్ల మధ్య ఉండాలి, డిక్కీలో కాదు. అక్క కొడుక్కి విడిగా రాశాను: నాయనా, ఏ బస్సెక్కినా పడుకునే ముందు ఎమర్జెన్సీ డోరు ఎక్కడుందో లేచి చూసుకో.

29 అక్టోబర్, బుధవారం

నిన్న రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. ఇక్కడ వాన ఆగడం లేదు. పాలమూరు జిల్లాల్లో వానలంటే ఎదురుచూడటమే అలవాటు. ఇట్లా భయంతో కిటికీ చూడటం కొత్త.

సాయంత్రం వార్తల్లో డిండి వాగు నీళ్లు. ఉప్పునుంతల మండలం లత్తీపూర్ దగ్గర శ్రీశైలం హైవే కోతకు గురైంది. మేం కల్వకుర్తి దాటాక పోవాల్సింది ఆ దారినే. మా కాగితం మీద టైము రాసి ఉన్న చోట ఇప్పుడు రోడ్డే లేదు.

పాప మొహం చిన్నబోయింది. అమ్మ మాత్రం పత్తి వత్తులు చేస్తూ, తల ఎత్తకుండానే అంది: “మల్లన్న ఏడికి పోతడు? రోడ్డేసినంక పోదాం. పాపం, అక్కడి పత్తి చేన్లు ఏమైనయో.”

30 అక్టోబర్, గురువారం

శ్రీశైలం ఆగింది, ప్రయాణం ఆగలేదు. నాయిన అలంపురం అన్నాడు. షాద్‌నగర్ నుంచి హైవే మీదే నూటఅరవై చిల్లర కిలోమీటర్లు, పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. అక్కకు కర్నూలు నుంచి పక్కనే.

అమ్మ కాసేపు ఆలోచించి, “అలంపురం శ్రీశైలానికి పడమటి ద్వారం గదా” అంది. నిజమే. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం, పడమట అలంపురం. ఇంట్లోకి పోలేకపోతే గడప దగ్గర దీపం పెట్టి వస్తానంది.

పాప కోసం కొంచెం రాసి పెట్టాను. అలంపురంలోవి పేరుకు నవబ్రహ్మ గుళ్లు, అన్నీ శివుడివే. బాదామి చాళుక్యుల కాలం, అంటే ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. పూజలు ఎక్కువగా బాలబ్రహ్మకు. పాత జోగులాంబ గుడి ధ్వంసమయ్యాక అమ్మవారిని ఆ బాలబ్రహ్మ గుడిలోనే కాపాడుకున్నారు. ఇప్పటి గుడి 2005లో లేచింది. కూడవెల్లి సంగమేశ్వరుడి కథ పాపకు బాగా నచ్చింది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని, ఆ గుడిని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. “అంటే ఒక గుడి కూడా ప్రయాణం చేసిందన్నమాట” అంది పాప.

ఆదివారం క్షీరాబ్ది ద్వాదశి. సాయంత్రం తులసి కోట దగ్గర అమ్మ దీపాలు పెట్టాలి. కాబట్టి తిరుగు టైము దానంతటదే ఖాయమైంది: ఇంటికి 5:30.

1 నవంబర్, శనివారం, రాత్రి

వంటగది నిండా పులిహోర వాసన. సర్వపిండి కూడా చేసి గుడ్డలో చుట్టాం. టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ మధ్యాహ్నమే చూసుకున్నాను. నాయిన స్కేలు పెట్టి గీతలు గీసి, చార్టు కొత్తగా రాశాడు. కింది నుంచి పైకి రాసుకుంటూ వచ్చాడు. ఆయన రాసిన వరుసలోనే ఇక్కడ:

ఇల్లు చేరుడు: 5:30
అలంపురం వదులుడు: 1:30
దర్శనాలు, భోజనం: 10 నుంచి
తుంగభద్ర ఘాటు, దీపం: 9:30, ఇరవై నిమిషాలు
బీచుపల్లి, కృష్ణ ఒడ్డున టిఫిన్: 8:15
బాలానగర్, సీతాఫలాలు: 6:30
ఇల్లు వదులుడు: 6:10

లెక్క చూస్తే సాయంత్రం ఒక గంట ఎక్కువుంది. మధ్యలో ఆగినా నాలుగున్నరకే రావచ్చు కదా అన్నాను. “ఆ గంట రోడ్డుది. రోడ్డు అడిగితే ఇయ్యాలె. అడగకపోతే మనది” అన్నాడు.

చార్టు పైన రెండు గళ్లు ఉన్నాయి. డ్రైవర్ అన్నచోట నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాడు. కండక్టర్ అన్నచోట తన పేరు. నేను కారు నేర్చుకున్నప్పుడు నాయిన అప్పటికే స్టీరింగు మానేశాడు. బాగా నడుపుతావని ఎప్పుడూ అనలేదు. ఆ గడి చూసి నేను ఏమీ మాట్లాడలేకపోయాను. కాగితం ఫ్రిజ్ మీద అంటించాను, ఫొటో అక్కకు పంపాను, నకలు పెద్దమ్మకు ఇచ్చాను.

2 నవంబర్, ఆదివారం, రాత్రి

6:12కు ఇల్లు వదిలాం. మంచు పలచగా ఉంది. రాయికల్ టోల్ దగ్గర గేటు లేస్తుంటే నాయిన ముందు సీట్లో నిటారుగా కూర్చుని చార్టు మీద టిక్కు పెట్టాడు.

బాలానగర్‌లో రోడ్డు పక్కన గంపలు. ఈ ఊరి పేరుతోనే సీతాఫలం రకం ఉంది. సీజను చివర, కాయలు చిన్నవైపోయాయి. అమ్మ బొటనవేలితో కన్నుల మధ్య నొక్కి చూసి ఏరింది. కన్ను విచ్చి, గీతలు తెల్లబారినవి ఇవ్వాళ్టికి. ఇంకా ఆకుపచ్చగా బిగిసి ఉన్నవి అక్క ఇంటికి, రెండు రోజులకు పండుతాయి. గంప ఆమె రెండు కాయలు కొసరు వేసింది.

అక్కావాళ్లు మాకన్నా ముందే అలంపురం చేరారు. ఘాటు దగ్గర తుంగభద్ర నిండుగా ఉంది. బావ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుంటే అమ్మ ఒక్కో మెట్టూ దిగింది. అరటి దొప్పలో దీపం వదిలింది. తర్వాత మెట్టు మీద కూర్చుని, తడిసిన పాదాలు చాపుకుని, నది చూస్తూ ఉండిపోయింది. చార్టులో ఇరవై నిమిషాలు. గంట అయింది. ఎవరూ లేవమనలేదు. నేను నాయిన వైపు చూస్తే, ఆయన చార్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు కోసం ఉంచిన గంటలో నలభై నిమిషాలు అమ్మకు పోయాయి.

అలంపురం వదిలేసరికి 2:10. దారిలో ఒక్కచోటే ఆగాం. ఇల్లు 5:15. పెద్దమ్మ గేటు దగ్గరే ఉంది. కాగితం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. వెలుగుండగానే అమ్మ తులసి కోట కడిగి ముగ్గు వేసింది.

అందరూ పడుకున్నాక నీళ్ల కోసం వంటగదిలోకి పోయాను. ఫ్రిజ్ మీద ఇంకో తెల్లకాగితం అంటించి ఉంది. గీతలు గీసి, పైన ‘శ్రీశైలం’ అని రాశాడు నాయిన. తేదీ లేదు, రోడ్డు బాగయ్యాకే. అన్ని గళ్లూ ఖాళీ. అన్నిటికన్నా కింది గడిలో మాత్రం రాసి ఉంది: ఇల్లు చేరుడు, 5:30.