బొమ్మ విమానానికి ఏపాటి ఇంజను?

బొమ్మ విమానమే గదా, ఏ ఇంజను పెడితేనేం అంటారు చాలామంది. బెంగుళూరులో కాపురముంటూ అట్లా అనటం న్యాయం కాదు. తగిన ఇంజను దొరక్క మనసులో కోరిక మనసులోనే మిగిలిపోయిన విమానమొకటి కస్తూర్బా రోడ్డులో, విశ్వేశ్వరయ్య మ్యూజియం ముందరే వుంది. దాని పేరు మారుత్.

జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ ఇక్కడి హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో దాన్ని రూపొందించాడు. 1961 జూన్ 17న అది మొదటిసారి ఎగిరింది. ధ్వనివేగాన్ని మించాలని దాని ఒళ్ళు తీర్చారు. అందుకు అనుకున్న ఇంజను మాత్రం రాలేదు. బలం తక్కువైన ఆర్ఫియస్ ఇంజన్లు రెంటితో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1971 యుద్ధంలో బాగానే పనిచేసింది గాని, అనుకున్న వేగం అందుకోకుండానే కొలువు చాలించింది.

యీ కథ చెప్పేసరికి మా మేనల్లుడు, "అయితే మామయ్యా, మనం పెద్ద ఇంజనే పెడదాం. అరవై!" అన్నాడు.

వాడూ మేమూ కలిసి ఏడాదిగా ఆదివారాలన్నీ ధారపోసి, బాల్సా చెక్కతో హెచ్.టి.-2 మోడలు కట్టాము, రేడియోతో నడిపేది. అసలు విమానం ఘాటగే గారి ఆధ్వర్యాన తయారై 1951లో ఎగిరిన శిక్షణ విమానం. అదీ బెంగుళూరు బిడ్డే. వచ్చే నెల మావాడు చదువుకు పరాయి వూరు వెళతాడు. రెండో ఇంజను కొనే స్తోమత మాకు లేదు. కూలితే మళ్ళీ కట్టే వ్యవధి వాడికి లేదు. అందుకని కాగితం, పెన్సిలూ తీసుకు కూర్చున్నాము.

మోడలు ఇంజన్లను ఘనపు అంగుళంలో నూరోవంతులుగా చెబుతారు. నలభై అంటే సుమారు 6.5 సి.సి., అరవై అంటే 10 సి.సి. మా మోడలు అసలులో ఏడోవంతు, 10.7 మీటర్ల రెక్కలు ఒకటిన్నర మీటరయ్యాయి. బరువు తగ్గేది ఏడోవంతుకు కాదు. పొడవూ వెడల్పూ ఎత్తూ మూడూ తగ్గుతాయి గనుక 343వ వంతుకు తగ్గాలి. అసలుది సుమారు 1,000 కిలోలు; మాది మూడు కిలోలు. అసలు ఇంజను 155 అశ్వశక్తులు. అదే పాలున మాకు రావలసింది అర అశ్వశక్తికి లోపు. నలభై ఇంజనే దాదాపు ఒక అశ్వశక్తి ఇస్తుంది!

మరి అరవై పెడితే? సన్నని ముక్కులో పట్టదు. పట్టించినా ముక్కు బరువెక్కుతుంది. దాన్ని తూచటానికి తోకలో సీసం పెట్టాలి. బరువు పెరిగినకొద్దీ వేగంగా దిగాలి. అప్పుడు ముందు విరిగేవి కాళ్ళే. పోనీ ఇరవైఅయిదు చాలునా అంటే, గడ్డినేల మీద లేవటానికి ఆయాసపడుతుంది. మొదటి మలుపులోనే వేగం చాలక పడిపోవచ్చు.

"మారుత్‌కు కావలసింది వట్టి పెద్ద ఇంజను కాదురా, దాని ఒంటికని అనుకున్న ఇంజను" అన్నాము. వాడు మాట్లాడకుండా విమానం ఎత్తుకుని వీధి చివర కొట్లో తూకం వేయించుకు వచ్చాడు. ఇంజను పోను రెండు కిలోల అయిదువందల గ్రాములు.

"నలభైఆరు చాలు మామయ్యా. ఎక్కువైన బలం మీట తగ్గించి దాచుకుందాం" అన్నాడు.

మర్నాడే వెళ్ళి నలభైఆరు కొన్నాము. మిగిలిన డబ్బు వాడి ప్రయాణానికి పనికివచ్చింది.