నక్షా లేని రథం

యుద్ధనౌకల నమూనాలు చేసేవారికి మిల్లీమీటరు తేడా వచ్చినా నిద్ర పట్టదు. వందల ఏళ్ల నాటి రథానికి మళ్లీ మళ్లీ నకలు తీసే బస్తర్ వడ్రంగుల దగ్గర మాత్రం కాగితం మీద ఒక్క గీత కూడా ఉండదు.

దసరా దగ్గరపడుతున్న రోజుల్లో జగదల్‌పూర్‌లో సిరహాసార్ భవనానికి దారి ఎవరినీ అడగక్కర్లేదు. బాడిస దెబ్బల చప్పుడు వెంట నడిస్తే చాలు. దంతేశ్వరి గుడికి దగ్గర్లో, ఊరి నడిబొడ్డున, పచ్చి సాల్ దుంగలు గుట్టగా పడి ఉంటాయి. ఒక పక్క చక్రం చెక్కుతుంటారు. ఇంకో పక్క కమ్మరి కొలిమి రాజుకుంటుంది. చెక్క పేళ్లు కాళ్లకు అడ్డం పడుతుంటాయి, కలప వాసన ముక్కుకు తగులుతుంటుంది. దాదాపు నూట యాభై మంది పనిచేసే ఆ చోట ఎంత వెతికినా కనిపించనిది ఒక్కటే: నక్షా. ఇరుసు ఎంత పొడవుండాలి, చక్రం ఎంత మందం ఉండాలి, పైఅంతస్తు ఎక్కడ మొదలవ్వాలి అన్నవన్నీ ఆ పనివాళ్ల కళ్లకూ చేతులకూ తెలుసు. రెండంతస్తుల ఎత్తున, ఎనిమిది చక్రాలతో లేచే రథాన్ని కట్టేది ఆ లెక్కతోనే.

విశాఖపట్నం వైపు నుంచి వచ్చినవారికి ఇది మరీ వింతగా తోస్తుంది. అది నమూనాలకూ జ్ఞాపకాలకూ అలవాటుపడిన నౌకాదళ నగరం. 2001లో విధుల నుంచి తప్పుకున్న కురుసుర జలాంతర్గామి 2002 నుంచి అక్కడి బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబడి ఉంది. కానీ అన్ని నౌకలకూ ఆ అదృష్టం పట్టదు. 1971 యుద్ధంలో తూర్పు సముద్రాన పోరాడిన విమానవాహక నౌక విక్రాంత్ కొన్నేళ్లు ముంబైలో మ్యూజియంగా ఉండి, చివరకు 2014లో తుక్కు కింద ముక్కలైంది. దాని ఉక్కులో కొంత మోటారు సైకిళ్ల తయారీకి వెళ్లింది. అసలు నౌక ఇక లేదు. రేపటి పిల్లలకు దాని రూపం చెప్పేవి ఫోటోలూ, కొలత తప్పకుండా చేసిన నమూనాలే.

అందుకే ప్రపంచమంతటా యుద్ధనౌకల నమూనాలు చేసేవారు నిష్పత్తి దగ్గర రాజీపడరు. ఈ పనికి పాత చరిత్రే ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో నౌకాదళం కోసం చేసిన నమూనాల్లో చాలావాటికి అడుగుకు పావు అంగుళం లెక్క. అంటే 48 అడుగుల నౌక ఒక అడుగు నమూనాలో ఇమిడిపోతుంది. నేటికీ చాలామందికి ఆ లెక్కే కొలమానం. ఫిరంగి కిటికీ ఒక గీత పక్కకు జరిగినా అది బొమ్మే తప్ప నమూనా కాదంటారు. ఆ దృష్టితో చూస్తే సముద్రానికి దూరంగా, అడవి మధ్యన ఉన్న బస్తర్‌లో జరిగేదాన్ని ఏమనాలి?

విశాఖ నుంచి జగదల్‌పూర్‌కు రైలు దారి అరకు మీదుగా, యాభైకి పైగా సొరంగాల గుండా సాగుతుంది. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని రేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన లైను అది. ఎదురుగా వచ్చే గూడ్సు బండ్లలో బస్తర్ ఇనుము సముద్రం వైపు పోతుంటుంది. కొరాపుట్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి దిగాక సాల్ అడవి మొదలవుతుంది. మన గుగ్గిలం చెట్టే సాల్. ఈ ప్రాంతాన్ని సాల్ వనాల ద్వీపమని పిలవడం హిందీ వారికి అలవాటు.

ఈ ద్వీపానికి తెలుగువారితో పాత బంధుత్వం ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి, ఇంద్రావతులు దాటి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు కథనం. దంతెవాడ గుడి దగ్గర దిక్పాలదేవుడు 1703లో వేయించిన శాసనం కూడా తమ వంశాన్ని ఓరుగల్లు కాకతీయులతోనే ముడిపెడుతుంది. కులదేవత దంతేశ్వరి కూడా వారి వెంట ఓరుగల్లు నుంచే తరలివచ్చిందని ఇక్కడివారి నమ్మకం. బస్తర్ దసరా ఆ తల్లి పండుగే. ఇక్కడ రావణుడి బొమ్మను కాల్చరు. పండుగకు కేంద్రం రథమే.

ఆ రథం కథ మొదలైంది పూరీలో. 15వ శతాబ్దంలో బస్తర్‌ను ఏలిన పురుషోత్తమదేవుడు సాష్టాంగ దండప్రణామాలు చేసుకుంటూ పూరీ యాత్రకు వెళ్లాడట. జగన్నాథుడి ఆనతిగా అక్కడ ఆయనకు రథపతి బిరుదు, పదహారు చక్రాల రథాన్ని నడిపే హక్కు దక్కాయట. బస్తర్ దారుల్లో పదహారు చక్రాల రథం లాగడం అయ్యే పని కాదు. నాలుగు చక్రాలు తీసి జగన్నాథుడి గోంచా పండుగ రథానికి కేటాయించారు. పన్నెండు మిగిలాయి. అదీ బరువే కావడంతో తరువాతి రాజుల కాలంలో దాన్ని రెండు చేశారు: నాలుగు చక్రాల పూలరథం, ఎనిమిది చక్రాల విజయరథం. కథలో ఐతిహ్యం పాలు ఎంతైనా, అందులో ఒక అసలుందీ, దాన్ని తగ్గించి తీసిన నకలుందీ. నమూనాకారుల భాషలో చెప్పాలంటే బస్తర్ రథం స్కేలు తగ్గించిన ప్రతి. కాకపోతే తగ్గించింది గాజు పెట్టెలో పెట్టి చూసుకోవడానికి కాదు, జనం లాగడానికి.

ఈ రెండు రథాల్లో ఒక ఏడు ఒకటి, మరో ఏడు రెండోది కొత్తగా కడతారు. కాబట్టి ఇక్కడ నకలు తీసే పని ఎప్పటికీ పూర్తి కాదు. శ్రావణ అమావాస్య నాడు, ఇక్కడివారు హరేలీ అనే రోజున, పాట్ జాత్రతో పండుగ మొదలవుతుంది. మొత్తం లెక్కేస్తే 75 రోజులు. 2023లో అధిక శ్రావణం రావడంతో అది 107 రోజులకు సాగింది. పాట్ జాత్రలో పూజ అందుకునేది దేవతా విగ్రహం కాదు, బిలోరీ గ్రామం నుంచి తెచ్చిన మొదటి దుంగ. దాంతో రథం పనికి వాడే సుత్తి చేస్తారు. అంటే ముందు కలపకు మొక్కి, పనిముట్టు చేసుకుని, ఆ తరువాతే రథం జోలికి పోతారు. బిరింగ్‌పాల్ నుంచి వచ్చిన సాల్ కొమ్మలను సిరహాసార్‌లో పాతే డేరీ గఢాయీ అయ్యాక పని ఊపందుకుంటుంది.

ఇక్కడి కచ్చితత్వం ఎక్కడుందో అప్పుడు అర్థమవుతుంది. రథం కట్టాల్సింది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు ఊళ్ల వడ్రంగులు, కమ్మరులే. ఇరుసులకు గట్టిదని పేరున్న తిన్సా కలప, మిగతా వాటికి సాల్. రథం లాగే మోకులు సియాడీ నారతో పేనాలి. సియాడీ అంటే మనం విస్తళ్లు కుట్టుకునే అడ్డాకుల తీగే. ఆ మోకులు పేనే పని కరంజీ, కేసర్‌పాల్, సోనాబాల్ ఊళ్లది. విజయరథాన్ని లాగే హక్కు కిలేపాల్ పరగణా మాడియాలది. ఊరు మారకూడదు, చెట్టు మారకూడదు, చెయ్యి మారకూడదు. ఓడ నమూనాకారుడు తయారైన వస్తువును కొలుస్తాడు. బస్తర్ కొలిచేది వస్తువును కాదు, అది తయారయ్యే తీరును.

నక్షా లేకుండా పెద్ద పని ఎలా సాగుతుందన్న అనుమానం వస్తే, యుద్ధనౌకల చరిత్రలోనే జవాబు ఉంది. స్వీడన్ రాజు ఎంతో ఆర్భాటంగా కట్టించిన వాసా నౌకకు నేటి అర్థంలో నక్షా లేదు. ముఖ్యమైన కొలతలు కొన్ని చెప్పి, మిగతాది అనుభవజ్ఞుల కంటికే వదిలేశారు. 1628లో తొలి ప్రయాణంలోనే, కిలోమీటరు పైచిలుకు దూరం పోయి, అది స్టాక్‌హోమ్ రేవులోనే మునిగిపోయింది. పైభాగం బరువెక్కడం అసలు కారణం. 1961లో పైకి తీశాక అందులో పనివాళ్ల కొలబద్దలు నాలుగు దొరికాయి. రెండింటిలో అడుగుకు పన్నెండు అంగుళాలు, రెండింటిలో పదకొండే. ఒకే ఓడ మీద రెండు దేశాల అడుగులతో పని జరిగిందన్నమాట. నేడు ఆ నౌక ఉన్న మ్యూజియంలో పదో వంతు పరిమాణంలో చక్కటి నమూనా ఉంది. కట్టినప్పుడు లేని లెక్కలన్నీ మునిగి, తేలిన తరువాత రాశారు.

బస్తర్ రథానికి ఆ ప్రమాదం తక్కువ. వాసా ఒక్కసారి కట్టిన వస్తువు. ఈ రథాలు మళ్లీ మళ్లీ కట్టేవి. నిరుటి తప్పు ఈ ఏడు కంటికి కనిపిస్తుంది, కొడుకు చేసిన తప్పు తండ్రి కంటపడుతుంది. జపాన్‌లో ఇసే ఆలయాన్ని ఇరవై ఏళ్లకోసారి పక్క స్థలంలో పూర్తిగా కొత్తగా కడతారు. 2013లో జరిగింది అరవై రెండోసారి. వారికి కలప పాతబడటం సమస్య కాదు, వడ్రంగం మరిచిపోవడమే సమస్య. జగదల్‌పూర్ లెక్కా అదే.

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ దారిలో కొండగావ్ వస్తుంది. ఢోక్రా ఇత్తడి బొమ్మలకు పుట్టిల్లు. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. కాబట్టి అచ్చంగా ఒకేలాంటివి రెండు పుట్టవు. ఇక్కడ పడవలో మనుషుల బొమ్మలు చూస్తే పడవ చిన్నది, మనుషులు పెద్దవాళ్లు. దేవత ఎక్కిన ఏనుగు కంటే దేవతే పెద్దగా ఉంటుంది. కొలత రాక కాదు. ఇక్కడ స్కేలు పొడవుది కాదు, విలువది. గోంచా పండుగలో జగన్నాథుడికి చేసే వందనం కూడా ఇలాంటిదే. వెదురు గొట్టంతో తుప్కీ అనే చిన్న తుపాకీ చేసి, అందులో పెంగు కాయలు పెట్టి టపటపా పేలుస్తారు. ఆయుధానికి నమూనా చేసినా అది దేవుడికి వందనం చేయడానికే. దశాబ్దాల పాటు వార్తల్లో తుపాకీ మోతతోనే వినిపించిన నేల మీద ఆ చప్పుడు వింటే మనసు కాస్త తేలికపడుతుంది.

కానీ ఈ రథం ఒట్టి వేడుక కాదు, దాని కింద అధికారపు ప్రశ్నలూ నలుగుతుంటాయి. కలప అడవి నుంచి రావాలి. ఆ అడవి ఎవరిదన్న ప్రశ్న మీదే 1910లో గుండాధూర్ పేరు మారుమోగిన భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. తాము తరతరాలుగా వాడుకున్న అడవిని రిజర్వు చేయడం ఆదివాసుల కోపానికి ఒక ముఖ్య కారణం. నేడు రథానికి చెట్టు నరకాలన్నా అటవీ శాఖ కలగజేసుకోవాల్సిందే. కొత్త రథం అంటే ప్రతిసారీ పెద్ద చెట్లు పడతాయి. నరికినవాటికి బదులు మొక్కలు నాటే కార్యక్రమాలు ఇటీవలి ఏళ్లలో మొదలయ్యాయి. అయితే నేడు నాటిన సాల్ మొక్క చక్రానికి పనికొచ్చే దుంగ కావాలంటే కొన్ని తరాల వడ్రంగులు గడిచిపోవాలి. నక్షా పోగొట్టుకునే భయం లేనివారికి అడవి పోగొట్టుకునే భయం ఉంది.

రాజు సంగతి మరొకటి. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్, ఆయన వెంట ఉన్న ఆదివాసులు పలువురు మరణించారు. రాజు పోయినా రథం ఆగలేదు. నేడు దాని మీద ఊరేగేది దంతేశ్వరి ఛత్రం. 2020లో కరోనా ఆంక్షల మధ్య కూడా అది కదిలింది. 1876లో మొదలైన మురియా దర్బారు ఈ పండుగలోనే ఇప్పటికీ జరుగుతుంది. ఊరి పెద్దలు తమ సమస్యలు అక్కడ వినిపిస్తారు, వినడానికి ముఖ్యమంత్రులూ వస్తుంటారు.

విజయదశమి రాత్రి అన్నిటికంటే పెద్ద విశేషం. ఊరేగింపు ముగిసిన విజయరథాన్ని ఆదివాసులు దొంగిలించి, ఊరి బయట కుమ్హడాకోట్ అడవికి లాక్కుపోతారు. దొంగతనమని అందరికీ తెలుసు, ఎవరూ ఆపరు. మర్నాడు రాజకుటుంబ వారసుడు అక్కడికి వెళ్లి, వారితో కలిసి కూర్చుని కొత్త బియ్యపు అన్నం తినాలి. అప్పుడే రథం తిరిగి ఊళ్లోకి వస్తుంది. పూరీలో ఒక రాజుకు దక్కిన హక్కును, దాన్ని కట్టి లాగేవారు ఏటా ఒక రాత్రి తమ చేతుల్లోకి తీసుకుంటారు.

రేపు ఎవరైనా వచ్చి ఈ రథాన్ని టేపు పెట్టి కొలవచ్చు. ప్రతి చక్రాన్నీ కంప్యూటర్‌లో గీయవచ్చు. నలభై ఎనిమిదో వంతు పరిమాణంలో ముచ్చటైన నమూనా చేసి గాజు పెట్టెలో పెట్టవచ్చు. పెట్టడం మంచిదే. విక్రాంత్‌ను ముక్కలు చేశాక మనకు మిగిలినవి అలాంటివే కదా. కానీ ఏ చెట్టును ఏ ఊరివారు తేవాలో, మోకు ఎవరు పట్టాలో, ఏ రాత్రి ఎవరు దొంగిలించాలో ఆ పెట్టెలో ఇమడదు. సిరహాసార్ ముందు బాడిస పట్టిన పెద్దాయన పక్కన కుర్రవాడు కూర్చుని పేళ్లు ఏరుతూ ఆయన చేతులవైపే చూస్తుంటాడు. బస్తర్‌కు ప్రస్తుతానికి ఉన్న నక్షా ఆ చూపే.