మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య



ఈమధ్య మన సంఘంలో కార్లు కొన్నవాళ్లు పెరిగారు. సెకండ్ హ్యాండ్ బండే అయినా ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటికి ఒక నిండుదనం. అయితే ఆ సంతోషం వెనకాలే ఒక ప్రశ్న కూడా నా దగ్గరికి వస్తోంది. "అయ్యగారూ, హైవే మీద బండి బాగానే పోతుంది. ఊళ్లోకి వచ్చేసరికి ఎగిరెగిరి పడుతుంది. ఫస్టు నుంచి సెకండుకి వేస్తే తల ముందుకూ వెనక్కీ ఊగుతుంది. తేడా బండిలో ఉందా, నా కాలిలో ఉందా?" అని. ఫోన్లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. అందరికీ పనికొస్తుందని ఈ వారం ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్కుని కాను. ఊరూరూ తిరగడానికి చాలా ఏళ్లుగా గేర్ల బండే నడుపుతున్నవాణ్ణి, షెడ్డులో కూర్చుని అడిగి తెలుసుకున్నవాణ్ణి. అంతే.

చిన్న కుదుపే కదా, దానికి ఇంత రాయాలా అనుకోవచ్చు. మన వైపు కారు అంటే షికారు బండి కాదు. 108 వస్తుంది, ఆసుపత్రికి చేరుస్తుంది. అక్కడి నుంచి ఇంటికి రావడం మాత్రం మన పాట్లే. కుట్లు పడిన మనిషి, కట్టు కట్టిన మనిషి, డయాలసిస్ చేయించుకుని నీరసపడిన మనిషి, వీళ్లంతా ఎవరో ఒకరి కారు వెనక సీట్లోనే ఇంటికి వస్తారు.

పోయిన ఏడు ఒక పెద్దమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. పదో రోజున ఇంటికి పంపారు. మనవడు కొత్తగా కొన్న పాత కారులో తీసుకొచ్చాడు. నేను పక్క సీట్లో ఉన్నాను. పెద్ద రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లు ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఊరి దారికి మళ్లాక ఆరు కిలోమీటర్లు. అక్కడ స్పీడ్ బ్రేకర్లు, గేదెలు, ఆరబోసిన ధాన్యం. ప్రతి పది నిమిషాలకూ కాదు, ప్రతి రెండు నిమిషాలకూ గేరు మార్చాలి. మార్చిన ప్రతిసారీ ఆమె సీటు అంచు పట్టుకుని పళ్లు బిగబట్టింది. "నాయనా, పెద్ద రోడ్డు మీద నిద్దరొచ్చింది. ఈ చిన్న రోడ్డు మీదే పానం పోతా ఉంది" అంది. ఆ పిల్లవాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదిహేను రోజుల తర్వాత ఆమెను మళ్లీ డాక్టరుకు చూపించాలి. ఈలోగా బండి సంగతి తేల్చాలనుకున్నాం.

ముందు ఒక మాట అర్థం కావాలి. కుదుపు చిన్న గేర్లలోనే ఎందుకు వస్తుంది? చాలా చిన్న కార్లలో మొదటి గేరులో ఉన్నప్పుడు ఇంజను వైపు ఇరుసు సుమారు 3.5 చుట్లు తిరిగితే గేరు బాక్సు నుంచి బయటికి వచ్చే ఇరుసు 1 చుట్టు తిరుగుతుంది. రెండో గేరులో 1.9 చుట్లు. మూడో దానిలో 1.3, నాలుగో దానిలో 1 కంటే కొంచెం తక్కువ. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఉన్నంత దూరం ఇంక ఏ రెండు గేర్ల మధ్యా లేదు. లెక్క వేసి చూడండి. మొదటి గేరులో 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతోందనుకుందాం. అదే వేగంలో రెండో గేరు వేస్తే అది దాదాపు 1,500కి దిగాలి. దిగకముందే క్లచ్చి వదిలామా, వేగంగా తిరుగుతున్న ఇంజను బండిని ఒక్క తోపు తోస్తుంది. ఎక్కువసేపు ఆగి, ఇంజను మరీ పడిపోయాక వదిలితే బండి ఇంజన్ని లాగుతుంది, తల ముందుకు వాలుతుంది. మూడు నుంచి నాలుగుకి మార్చేటప్పుడు ఈ తేడా ఏడెనిమిది వందల చుట్లే. అందుకే అక్కడ కాలు కాస్త తడబడినా తెలియదు.

రెండో కారణం బలం. మొదటి గేరు ఇంజను బలాన్ని పెంచి చక్రాలకు ఇస్తుంది. బరువు లాగడానికి అది వరమే. కానీ బొటనవేలు కాస్త కదిలినా ఆ కదలిక కూడా అంతగా పెరిగి వెనక సీటు దాకా పోతుంది.

ఇప్పుడు తేడా ఎక్కడుందో కనిపెట్టడం. రెండు రకాల ఇబ్బందిని విడదీసి చూడాలి. గేరు రాడ్డు కదలనంటే, గరగరమంటే, అది బండిలో సంగతి. రాడ్డు సుఖంగానే పడి, క్లచ్చి వదిలేటప్పుడు కుదుపు వస్తే, అది చాలావరకు కాలి సంగతి.

రాడ్డు మొరాయిస్తే మా ముసలి మెకానిక్ నేర్పిన పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు. బండి చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూడండి. తర్వాత ఇంజను స్టార్టు చేసి, బ్రేకు మీద కాలు ఉంచి, క్లచ్చి పూర్తిగా తొక్కి ఫస్టు, రివర్సు వేసి చూడండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు సుఖంగా పడి, తిరుగుతున్నప్పుడు పడనంటే, ముందు అనుమానించవలసింది క్లచ్చిని. అది పూర్తిగా విడవడం లేదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా కష్టమైతే రాడ్డు కింది లింకులో గానీ గేరు బాక్సు లోపల గానీ చూడాలి.

ఆ పిల్లవాడి బండిని అంతకుముందు ఒక షెడ్డులో చూపించాడు. గేరు బాక్సు దించాలి, వేలల్లో అవుతుందన్నారట. ఈ పరీక్ష చేస్తే ఇంజను ఆగి ఉన్నప్పుడు గేర్లన్నీ చక్కగా పడ్డాయి. ముసలాయన వంగి క్లచ్చి పెడలు కింద చెయ్యి పెట్టి చూశాడు. ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు! పెడలు అడుగుదాకా పోవడమే లేదు. పైగా క్లచ్చి కేబులు సాగి వదులైంది. పై మ్యాటు తీసేశాడు, కేబులు నట్టు బిగించి ప్లే సరిచేశాడు. ఆ రోజు నుంచి రాడ్డు గరగర పోయింది. మీ బండిలో కేబులు కాకుండా ద్రవంతో పనిచేసే క్లచ్చి ఉంటే ఆ ద్రవం మట్టం తగ్గిందా, ఎక్కడైనా కారుతోందా, లోపల గాలి చేరిందా చూపించుకోండి.

గేరాయిల్ సంగతి కూడా చెప్పాలి. గేర్ల మధ్య వేగాలు కలపడానికి లోపల ఇత్తడి లాంటి లోహంతో చేసిన రింగులుంటాయి. సింక్రో అంటారు. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. అంతకుముందు డ్రైవర్లు వేగాలను తమ కాళ్లతోనే కలుపుకునేవాళ్లు. పాత లారీ డ్రైవర్లు చేసిన డబుల్ క్లచ్చి అదే. తొక్కి న్యూట్రల్ చేసి వదిలి, కింది గేరుకు కాస్త రేజు చేసి, మళ్లీ తొక్కి గేరు వేసేవాళ్లు. ఆ పని ఇప్పుడు రింగు చేస్తోంది. చలికాలం పొద్దున ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు సెకండు గట్టిగా పడితే భయపడకండి, బలవంతపెట్టకండి. చిక్కటి ఆయిల్ పోస్తే గేర్లకు మంచిదన్న మాట నమ్మి ఏదో ఒకటి పోయించకండి. కొన్ని ఆయిళ్లలోని మందులు ఆ ఇత్తడి రింగులకు పడవు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాశారో అదే పోయించండి.

ఇంక కాలి సంగతి. ఆ పిల్లవాడితో రెండు సాయంత్రాలు స్కూలు గ్రౌండులో తిప్పించాను. నేర్పింది నాలుగు మాటలే.

ఫస్టు గేరు బండిని కదిలించడానికే, పరిగెత్తించడానికి కాదు. 15, 20 వేగం లోపే సెకండుకి మారిపోవాలి.

యాక్సిలరేటర్ మీద కాలు తీయడం, క్లచ్చి అడుగుదాకా తొక్కడం కలిసి జరగాలి. రాడ్డును న్యూట్రల్ దగ్గర కన్ను మూసి తెరిచినంతసేపు ఆగనిచ్చి, వేళ్లతో సెకండులోకి తోయాలి. క్లచ్చిని పైకి తెస్తుంటే పట్టు దొరికే చోటు తెలుస్తుంది. అక్కడ అర సెకను కాలిని నిలపండి. తర్వాత పూర్తిగా వదిలేయండి. ఆ తర్వాతే యాక్సిలరేటర్. ఆ అర సెకనులోనే మెత్తదనమంతా ఉంది.

సెకండు నుంచి ఫస్టుకి దిగేటప్పుడు తొందర వద్దు. 20 వేగంలో ఫస్టు వేస్తే పాపం ఆ చిన్న రింగు లోపలి చక్రాన్ని ఒక్కసారిగా 2,800 దాకా తిప్పాలి. అందుకే అది మొరాయిస్తుంది. పై లెక్క ప్రకారం ఇంజను ఊరికే తిరిగే 800 చుట్ల దగ్గర సెకండులో బండి 10 వేగంలో పోతుంది, ఫస్టులో 6 లోపు, అంటే మనిషి చకచకా నడిచినంత. కాబట్టి 10 దాకా సెకండులోనే బ్రేకుతో తగ్గించండి. అంతకంటే తగ్గి ఇంజను ముక్కుతుంటే అప్పుడు ఫస్టు. రివర్సుకి మాత్రం బండి పూర్తిగా ఆగాలి. క్లచ్చి తొక్కి రెండు మూడు క్షణాలు ఆగి వేయాలి.

గేరు మార్చే పని అయిపోయాక క్లచ్చి మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దు. హాఫ్ క్లచ్చి అవసరానికే. అలవాటైతే ప్లేటు అరిగిపోతుంది.

పదిహేను రోజులకు పెద్దమ్మను మళ్లీ తీసుకెళ్లి తీసుకొచ్చారు. దారిలో కుదుపులు లేకపోలేదు. మన రోడ్లు మన రోడ్లే. కానీ గేరు మార్చినప్పుడు ఆమె సీటు పట్టుకోలేదని మనవడు ఫోను చేసి చెప్పాడు.

ప్రియులారా, ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. నడిపేవాడికి కుదుపు సగమే తెలుస్తుంది. చేతిలో స్టీరింగు ఉంది, ఎప్పుడు గేరు మారుతుందో ముందే తెలుసు, ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్లకు ఆ ముందస్తు కబురు లేదు. ఇంట్లోనూ అంతే కదా. పిల్లవాడి చదువు మాన్పించాలన్నా, పొలం అమ్మాలన్నా, ఊరు మారాలన్నా పెద్దవాళ్లు మనసులో నెలల తరబడి అనుకుని ఉంటారు. ఒక రాత్రి అన్నం దగ్గర చెప్పేస్తారు. "దీనికింత ఏడుపెందుకు" అని విసుక్కుంటారు. నిర్ణయం మంచిదే కావచ్చు. క్లచ్చి ఒక్కసారిగా వదిలారు, అంతే. సంఘాన్ని నడిపించే మాకు కూడా ఈ మాట వర్తిస్తుంది. ఎదుటివాళ్ల మనసు మన వేగానికి చేరేదాకా అర సెకను ఆగడం బలహీనత కాదు. వాళ్లు మన వెనక సీట్లో ఉన్నారన్న ఎరుక.

ఈ వారం ఒక పని చేయండి. మీ కారు తాళం తమ్ముడికో కొడుక్కో ఇచ్చి, మీరు వెనక సీట్లో కూర్చుని ఊరు ఒక చుట్టు తిరిగి రండి. స్పీడ్ బ్రేకర్లున్న వీధిలోనే పొమ్మనండి. మీ బండి ఎలా ఉందో అప్పుడు తెలుస్తుంది. దిగాక పెడలు కింద మ్యాట్లు ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి చూడండి.

ప్రేమతో,
మీ సేవకుడు