తుమ్ముకు ఆగిన అరగంట

మా తెనాలి ఇంట్లో ఎవరైనా గడప దాటబోతుండగా మరొకరు తుమ్మితే ప్రయాణం అక్కడికి ఆగిపోవలసిందే. మా బామ్మ మంచినీళ్ళిచ్చి, "కాసేపు కూర్చుని వెళ్ళు నాయనా" అనేది. రైలు తప్పిపోయినా సరే, ఆ కాసేపూ కూర్చోవలసిందే. ఇంజనీరింగులో చేరాక ఈ శాస్త్రాన్ని వెక్కిరించడం నేర్చుకున్నాను. దానికి శిక్షే కాబోలు, ఒహాయో వచ్చిన మూడో ఏడు, అంటే 2006 ఆగస్టు నెలాఖరున, నాకు తుమ్ములు పట్టుకున్నాయి. ఒకటీ రెండూ కాదు, ఊపిరి తిరగనివ్వకుండా పదిహేను, ఇరవై. ఒక తుమ్ము అపశకునం, రెండు శుభం అంటారు గాని, పదిహేడింటికి ఫలమేమిటో మా బామ్మ ఎన్నడూ చెప్పలేదు.

మొదట జలుబనుకున్నాం. తరువాత నేరం వినాయక చవితి పత్రిమీదికి పోయింది. ఇరవైయొక్క రకాల పత్రి ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది? మా ఆవిడ రోడ్డు పక్కన పసుపుపచ్చగా విరగబూసిన గోల్డెన్‌రాడ్ పూలు కోసుకొచ్చి పూజలో పెట్టింది. కథ చదువుతూ నేను తుమ్మిన తుమ్ములకు చేతిలో అక్షతలు గదంతా పడ్డాయి. పూలు తీసి అవతల పారేశాం. పాపం, వాటిది ఏ తప్పూ లేదని తరువాత తెలిసింది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. దాన్ని తేనెటీగలు మోసుకుపోవలసిందే. అసలు దొంగ అదే రోజుల్లో ఎవరి కంటా పడకుండా ఆకుపచ్చగా పూసే రాగ్‌వీడ్ అనే పిచ్చిమొక్క. ఒక్క మొక్క ఒక ఋతువులో వంద కోట్ల దాకా పుప్పొడి రేణువులను గాలిలోకి వదలగలదు. ఆగస్టు మధ్యనుంచి మంచు గడ్డకట్టే రోజులదాకా దానిదే రాజ్యం. మన పొలంగట్లమీద పెరిగే వయ్యారిభామ కూడా ఈ వంశానిదే. రెండూ పొద్దుతిరుగుడు పువ్వుకు చుట్టాలే.

బిళ్ళలతోనూ, ముక్కులో కొట్టుకునే మందుతోనూ ఏడేళ్ళు నెట్టుకొచ్చాను. 2013లో రాత్రిళ్ళు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మా నాన్నగారి ఉబ్బసం చూసి పెరిగినవాణ్ణి గనుక భయం వేసింది. అలర్జీ డాక్టరుగారి దగ్గరకు వెళితే, వీపుమీద వరసగా చుక్కలు పెట్టి సూదితో గీరి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. రాగ్‌వీడ్ చుక్క దగ్గర దోమకుట్టినట్టు పెద్ద దద్దురు లేచింది. "ఇంజక్షన్లు తీసుకోవచ్చు. మొదట ఆరునెలలు వారం వారం, ఆపైన నెలకొకటి. మొత్తం మూడేళ్ళనుంచి అయిదేళ్ళు" అన్నారాయన.

ఫోనులో అమ్మకు చెబితే ఒకటే నవ్వు. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదు వచ్చి చేపమందు మింగమని ఆవిడ పోరుతుంటే, "మూడేళ్ళు వరసగా మింగాలా? అదేం వైద్యమమ్మా!" అని ఎగతాళి చేసినవాణ్ణి నేనే. చేపమందు పనిచేస్తుందనడానికి పరీక్షలు నిలబెట్టిన రుజువు లేదనీ, దీనికి ఉందనీ వాదించాను. "సరేలే, మూడేళ్ళ ఓపిక మాత్రం దానికీ దీనికీ ఒకటేగా" అంది.

ఈ వైద్యం కొత్తదేమీ కాదు. 1911లోనే లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అనే వైద్యుడు గడ్డి పుప్పొడి నుంచి తీసిన సారాన్ని రోగులకు కొద్దికొద్దిగా ఎక్కించి చూశాడు. ఆయన క్షయతో 1913లో పోయాడు. ఆ పనిని ఆయన సహచరుడు జాన్ ఫ్రీమన్ కొనసాగించాడు. ముల్లును ముల్లుతోనే తీయడమన్నమాట. మన ఒళ్ళు పుప్పొడిని శత్రువనుకుని ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. వాటివల్లే హిస్టమిన్ విడుదలై తుమ్ములూ, దురదలూ వస్తాయి. అదే పుప్పొడిని చర్మం కింద అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే, ఒంటికి దానితో సహవాసం అలవాటై పోట్లాట తగ్గుతుంది.

ప్రతి సూదికీ ఒక షరతుంది. పొడిపించుకున్నాక అక్కడే అరగంట కూర్చోవాలి. వికటిస్తే చాలా మటుకు ఆ అరగంటలోనే వికటిస్తుంది. అయిదు నెలలు బుద్ధిగా కూర్చున్నాను. 2014 మార్చిలో ఒక శనివారం మన ఉగాది నాటకం రిహార్సలుంది. నాది దుర్యోధనుడి వేషం. నాలుగు రోజులుగా జలుబు, కొంచెం పిల్లికూతలు ఉన్నాయి. "ఆయాసమేమైనా ఉందా?" అని నర్సు అడిగితే లేదన్నాను. ఉందంటే సూది వాయిదా వేస్తారు, మళ్ళీ రావాలి. పది నిమిషాలు కూర్చుని, నర్సు లోపలికి వెళ్ళగానే, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటపడ్డాను.

రెండు మైళ్ళు పోయేసరికి అరచేతులు దురద. చెవులు మండుతున్నాయి. వెనకసీటులోనుంచి అద్దంలో చూసి, "నాన్నా, నీ మొహం ఎర్రగా అయిందేం?" అంది పిల్ల. జవాబు చెప్పబోతే గొంతు రాలేదు. ఎలాగో కారు ఒక గ్యాస్ స్టేషన్లోకి తిప్పి ఆపాను. 911కు ఫోన్ చేసి మాట్లాడింది మా అమ్మాయే. వీధి పేరు బోర్డుమీద చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చెప్పింది. అంబులెన్సువాళ్ళు తొడకు ఎపినెఫ్రిన్ ఇచ్చారు. కొద్ది నిమిషాల్లో గాలి ఆడింది. నేను హైవే ఎక్కి ఉంటే ఏమై ఉండేదో ఇవాళ్టికీ నేనూ మా ఆవిడా ఒకరితో ఒకరం అనుకోలేదు.

"ఇక చాలు, మానెయ్యండి" అంది ఆవిడ. డాక్టరుగారు కోప్పడలేదు. మోతాదు బాగా తగ్గించి మళ్ళీ మొదలుపెడదామన్నారు. వారం రోజులు ఆలోచించి వెళ్ళాను. అప్పటినుంచి ప్రతిసారీ మా ఆవిడ పక్కన కూర్చుని గడియారం చూసేది. ఆ నిమిషాలు గడపటానికి మా అమ్మాయికి తెలుగు వాచకం చదివించేవాణ్ణి. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు వచ్చాయి. ఇవాళ తను తెలుగు చదవగలుగుతోందంటే ఆ అరగంటల పుణ్యమే.

2016 వినాయక చవితికి కథ మొత్తం తుమ్మకుండా చదివాను. 2018లో ఇంజక్షన్లు ఆపేశారు. పూర్తిగా పోయిందనను, గాలి బాగా వీచే సెప్టెంబరు రోజుల్లో బిళ్ళ వేసుకుంటాను. పిల్లికూతలు మాత్రం మళ్ళీ రాలేదు. అందరికీ ఇంత ఫలం ఉంటుందనీ చెప్పలేను.

మనవాళ్ళలో తుమ్ములతో బాధపడేవారు చాలామందే ఉన్నారు గనుక రెండు మాటలు. బిళ్ళలతో, ముక్కుమందుతో సరిపోతే సూదుల జోలికి పోనక్కరలేదు. సూది భయమున్నవారికి రాగ్‌వీడ్‌కూ, కొన్ని గడ్డి జాతులకూ నాలుక కింద పెట్టుకునే బిళ్ళలు 2014లో ఈ దేశంలో అనుమతి పొందాయి. వాటి మొదటి బిళ్ళ కూడా డాక్టరు ఎదుటే వేసుకోవాలి. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎపినెఫ్రిన్ సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. ఆయాసముంటే ఉందని చెప్పండి. రిహార్సలు ఉన్నా సరే, అరగంట కూర్చోండి.

మా బామ్మ చెప్పిన కారణం తప్పే. కాని కాసేపు కూర్చోమన్న మాట విని ఉంటే, ఎనిమిదేళ్ళ పిల్ల చేత ఆ ఫోన్ చేయించి ఉండేవాణ్ణి కాదు.