తలుపు గుర్తు

విజయనగరములో ఎవరినైనను త్రోవ యడిగిచూడుడు. వీథి పేరు చెప్పరు, ఇంటి సంఖ్య యసలే చెప్పరు. గంటస్తంభము దాటి తిరుగుమందురు. కోట యెదుటికి పొమ్మందురు. పైడితల్లి గుడికడ దిగుమందురు. మూడు లాంతర్ల కూడలియందలి పాతస్తంభమును 2020లో తొలగించిరి. ఆ నాడును, ఆ మీదటను, జనులు ఆ చోటిని ఆ పేరుతోనే పిలిచిరి. మనవారు త్రోవను అంకెలతో గాక ఆనవాళ్లతో జ్ఞప్తియందుంచుకొందురు. ఈ సంగతి మేమెరుగనిది కాదు. ఎరిగియుండియు మా మేనత్తను తీసికొనిపోయి, పదునెనిమిది తలుపులును ఒక్క తీరుననే యుండు నొక వృద్ధాశ్రమమున దింపివచ్చితిమి.

ఏల దింపితిరని చదువరు లడుగవచ్చును. మా యింట మెట్లెక్కువ. పగలెల్ల ఇంటికి తాళము. ఆమెకు సంతానము లేదు. ఈ కారణములనే అందరికిని చెప్పుచు వచ్చితిమి. విన్నవారు తల యూపిరి. మా మేనత్త మాత్రము ఊపలేదు.

ఆమెది పొందూరు. ఎనుబది రెండేండ్ల వయస్సులో మూడు వంతులు రాట్నము ముందర గడపినది. చదువు రాదు. ఆశ్రమమువారు ఆమె తలుపునకు 14 అను అంకె గల బిళ్ల కొట్టిరి. ఆ బిళ్ల ఆమెకెంత పనికివచ్చెనో, మాకు చీనా యక్షరములు అంత పనికివచ్చును. నాలుగవ వారమున భోజనశాలనుండి వచ్చుచు నొక తలుపు తీసి, తన మంచమేయనుకొని పరుండినది. ఆ గది యావిడ కేకలు వేసెను. గుమిగూడిన వారిలో నెవరో దొంగ యను మాట వాడిరి.

నాటినుండి ఆమె గది దాటుట మానెను. అన్నము మంచముకడకే తెమ్మనెను. స్నానపుగది వసారా చివర నున్నందున, రాత్రి పోవలసివచ్చునని నీరు త్రాగుట తగ్గించెను. మేము నెల తరువాత పోయి చూచునప్పటికి పెదవులు పగిలి, కన్నులు లోతుకు పోయియున్నవి.

"ఒరే నాయనా, నాను దొంగనేటిరా?" అని మాత్రమడిగెను.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ప్రకారము, ప్రభుత్వము ప్రతి జిల్లాలోను కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమును స్థాపింపవచ్చును. మంచిదే. కాని 150 అను సంఖ్య మంచములను లెక్కించును. తన మంచమేదో తెలియక వసారాలో నిలిచిపోయిన ముసలిదాని నది లెక్కింపదు.

సిగ్గు కొంతయు సంస్కారోత్సాహము కొంతయు గలిసి మమ్ము పనికి పురికొల్పినవి. మొదట రంగులు వేయించితిమి. ముంగిలికి మూడు వైపుల గదులున్నవి గదా, ఒక వరుసకు లేత నీలము, ఒకదానికి లేత పచ్చ, మూడవదానికి లేత ఊదా. చూడవచ్చిన మిత్రులు మా యభిరుచిని మెచ్చుకొనిరి. వృద్ధులకు మాత్రము మూడును ఒక్కటే బూడిదవలె నుండెను. వయస్సుతో కంటి కటకము పసుపుబారుననియు, దానివలన నీలము నల్లబడి పచ్చతో గలిసిపోవుననియు, ఎరుపును పసుపును అంతగా చెడవనియు తరువాత నొక నేత్రవైద్యుడు చెప్పగా తెలిసికొంటిమి. ముందే యడిగియుండవలసినది.

పిమ్మట ప్రతి గడపకు నల్లని పట్టా పరపించితిమి. మతి తప్పుచున్న పెద్దాయన యొకరు తన పట్టాయెదుట నిలిచి, నూతిగట్టున నిలిచినవానివలె కాలు ముందుకు వేయక వణకిరి. నల్లని మచ్చ వారి కన్నులకు గొయ్యి. ఆ సాయంకాలమే పట్టాలన్నిటిని చుట్టి అటకమీద పెట్టించితిమి.

ఇంతలో నొక దాత దేవుని పటముల కాలెండర్లు పంపెను. తొమ్మిది తలుపులమీద వేంకటేశ్వరుడు వెలసెను. భక్తి వృద్ధియైనదేమో కాని, త్రోవ యింకను చెడినది. తొమ్మిది చోట్ల నొక్క స్వామియే యున్నప్పుడు, స్వామి గుర్తుగల గది నాదనిన నేమి ప్రయోజనము?

డచ్చి దేశమున వేస్పు పట్టణమువద్ద మతిమరపు గలవారికై 2009లో తెరచిన హోగెవేక్ అను గ్రామమును గూర్చి యప్పుడు చదివితిమి. అచటి ఇండ్లను అందున్నవారు పూర్వము బ్రతికిన తీరుననుసరించి అమర్తురట. అంత ధనము మనకెక్కడిది? కాని మా మేనత్త పెట్టె మాయింట నున్నది. దానిని తెరచితిమి. గుడ్డలక్రింద, కాగితములో చుట్టి, వాలుగ చేప దవడ యెముక యొకటి. పొందూరువారికి చెప్పనక్కరలేదు, దాని సన్నని పండ్లతోనే అచటి స్త్రీలు ప్రత్తిని దువ్వి శుభ్రపరతురు. ఆ తరువాతనే యేకుటయు, వడకుటయు. మరమ్మీద రాని నునుపు ఆ నూలున కుండుట కది యొక కారణము.

దానిని ఎఱ్ఱని గుడ్డపై కుట్టి, చట్రము బిగించి, ఆమె తలుపున పెట్టితిమి. నడుము వంగినవారు పైకి చూడరు గనుక వారి కంటి యెత్తున, చేతికి తగులునట్లు పెట్టించితిమి. ఆమె వ్రేలితో ఆ పండ్లను తడవి చూచినది. "నాదే" యనినది. మరునాడు భోజనశాలకు తానే వచ్చినది. తిరిగి పోవునప్పుడు మేము వెంట నడచితిమి. ఆమె మావైపు చూడనైన లేదు.

తక్కినవారు తమకును కావలెననిరి. బుడితినుండి వచ్చినాయన ఇత్తడి చెంబు తెప్పించుకొనెను. బొబ్బిలివారొకరు వీణ బొమ్మ వ్రాయించుకొని, పనసమాను ఛాయ రాలేదని చిత్రకారునిచే మూడుమార్లు దిద్దించిరి. సీతంపేట కొండలనుండి వచ్చిన సవర పెద్దను, మీ యిండ్లలో ఎఱ్ఱమట్టి గోడపై తెల్లని బొమ్మలు వ్రాయుదురు గదా, అవి యీ వసారాలో వ్రాయుడని ఆశ్రమమువారు కోరిరి. ఆయన వ్రాయననెను. "అది సచ్చిపోయిన పెద్దల సోటు బాబూ, దారి సూపీది కాదు." మాకు తల వంగినది. ఆ బొమ్మలు ఇంటిలోపల పితరుల కొరకు వ్రాయబడునవని పుస్తకములలో చదివినవారమే మేమును. ఆయన కేవలము తలుపునకు ఎఱ్ఱమట్టి రంగు వేయుమనెను, బొమ్మ యేదియు వలదనెను. ఆ వసారా మొత్తముమీద అందరికిని దూరమునుండి కానవచ్చునది ఆ తలుపే యైనది.

భోజనశాల మలుపున, శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారి చందమామ ముఖచిత్రము నొకదానిని పెద్దదిగా చేయించి, దానిక్రింద బల్ల వేయించితిమి. అచట కూర్చుండి అలసట తీర్చుకొనువారు చిత్రములోని చీరల రంగును గూర్చి తగవులాడుదురు.

అన్నిటికంటె మేమెదురుచూడనిది మాటలలో వచ్చిన మార్పు. పదునాలుగవ గది ముసలమ్మ యనువారు లేరు. "సేప దౌడ అప్ప" యనసాగిరి. కొత్తగా వచ్చినవారికి త్రోవ చెప్పునప్పుడు, ఎఱ్ఱతలుపు దాటి, సేప దౌడకాడ తిరిగి, వీణకాడికి పొమ్మందురు. దొంగయని పిలువబడినచోటనే మా మేనత్త పదిమందికి ఆనవాలైనది. అట్లని ఆమె మమ్ము క్షమించెనని చెప్పజాలము. పోయినప్పుడెల్ల "ఇంటికెప్పుడు తీసుకెల్తావు?" అని అడుగుచునేయుండెను.

పోయిన మాఘమున ఆమె గతించెను. సామాను తెచ్చుకొన బోయినప్పుడు, ఆ చట్రమును తీసివేయుటకు పనివాడు మేకు పెరుకుచుండెను. వీణ గదియావిడ యడ్డువచ్చినది. అది తీసిన మేమెట్లు తిరుగవలెననినది. ఆ గదిలోనికి రానున్నది సాలూరువైపు నుండి యొక తల్లియట. ఆమె తన కొడవలిని తెచ్చుకొనుచున్నదట. తలుపున కొడవలి యుండుట ఆశ్రమమువారి కిష్టము లేదు, చేటనైన తెమ్మని కబురంపిరి. ప్రస్తుతమునకు దవడను పైకి జరిపి, దానిక్రింద నొక మేకు కొట్టి ఖాళీగా నుంచిరి.